బాలెంత అక్కకు నిద్ర లేదు, "పాపను మార్చిన్రు" అంటున్నది. ఎక్కడికి తీస్కపోవాలె?

దిండివాగు

అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఒక పల్లె. నేను ఇబ్రహీంపట్నం కాడ కంపెనీల పనిచేస్త, లీవు పెట్టి ఇంటికొచ్చిన. అక్కకు మొదటి కాన్పు. ఆపరేషన్ చేసి పాపను తీసిన్రు. దవాఖాన నుంచి సీదా తల్లిగారింటికే తెచ్చుకున్నం. ఇంక రెండు వారాలు కూడ కాలే.

మొదట్ల సంబురమే అనుకున్నం. అక్క తక్కువ మాట్లాడే మనిషి. అసొంటిది ఇంటికొచ్చినప్పటి సంది ఒకటే ముచ్చట. అర్ధరాత్రి లేసి ఇంటర్ల తనతోని చదివినోళ్లకు ఫోన్లు చేసుడు. ఒక నోట్‌బుక్ నిండ పాపకు పేర్లు రాసింది, ఒక్కో పేరు పక్కన ఏవో కూడికెలు. కుట్లు పచ్చిగున్నయే అన్నా వినకుండ చీకటి ఉండంగనే చీపురు పట్టి వాకిలూడ్సుడు. "జరసేపు పండుకోరాదె" అని అమ్మ అంటే "నాకు నిద్ర అక్కర లేదే, నాకిప్పుడు అన్ని సమజైతున్నయి" అంటది.

మొన్నటి సంది మాట మారింది. పాపను తేరిపార చూసి "ఇది నా బిడ్డ కాదు, దవాఖానల మార్చిన్రు, నా బిడ్డకు చెవి మీద మచ్చుండె" అంటున్నది. అమ్మ కలిపిచ్చిన అన్నం ముట్టది, అండ్ల ఏదో కలిపిన్రంట. పక్కింటోళ్ల బోరు మోటరు నడిస్తే అండ్లకెల్లి ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్రంట. మధ్యల ఒక గంటసేపు మంచిగనే ఉంటది. "తమ్మీ, తిన్నవా, ఎప్పుడు పోతవ్ డ్యూటీకి" అని అడుగుతది. అది చూసి నాయిన "ఏం లేదు, తగ్గింది పో" అంటడు. మళ్ల మొదలు.

ఇంట్ల తలో మాట. నాయినమ్మేమో బాలెంత సన్ని అంటది, చల్లగాలి తగిలిందంటది. అందుకే కిటికీలకు చెద్దర్లు కట్టిన్రు, పొద్దంత కలిపి చెంబెడు నీళ్లకంటె ఎక్కువ ఇయ్యనియ్యది. అమ్మ అమాసకు చెర్వుగట్టు తీస్కపోయి నిద్ర చేయిద్దామంటది. పక్క ఊర్ల మంత్రమేసేటాయనకు కూడ కబురు పోయింది. నాయిన బాధ వేరే. ఇరవయ్యొకటో రోజు పురుడు పెట్టుకున్నం, అత్తగారోళ్లంత వస్తరు, అప్పటిదాక బయటికి పొక్కద్దు అంటడు. బావ డీసీఎం నడుపుతడు, ఇప్పుడు నాగ్‌పూర్ దిక్కున్నడు. ఆయనకు కూడ "జర జరం ఉన్నది" అని చెప్పిన్రు, గంతే.

పొద్దుగాల ఏమైందంటె, పాపను ఎత్తుకొని వాకిట్లకొచ్చి "దీన్ని వాళ్లకిచ్చి నా పాపను తెచ్చుకుంట" అని తొవ్వ మీదికి నడవబట్టింది. నేను ఎదురువోయి, మెల్లగ మాట్లాడి లోపలికి తెచ్చిన. అప్పటి సంది నాకు కాళ్లు చేతులు ఆడ్తలేవు.

ఇది జబ్బేనా? పురుడయ్యేదాక ఆగొచ్చా? మాది ఆధార్లు, కార్డులు అన్ని ఉన్నయి, కని ఏ దవాఖానకు పోవాలె, ఏ డాక్టర్ అని అడగాలె? దవాఖానకు అంటేనే "మళ్ల ఆడికా, ఈసారి నన్ను కూడ మారుస్తరు" అంటున్నది. ఎవరికన్న ఎరికుంటె జల్ది చెప్పున్రి.


లేబర్‌వార్డు నైట్‌డ్యూటీ

తమ్ముడూ, పురుడు దాకా కాదు, ఈ రాత్రికే బయలుదేరండి. నేను నర్సును, కాన్పుల వార్డులో చానేళ్లుగా చేస్తున్న. నువ్వు రాసింది చదువుతుంటే ఎక్కడా అనుమానం రాలేదు. కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ అది, అంటే లేనిది ఉన్నట్టు నమ్మే, వినే జబ్బు, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటరు. వెయ్యి కాన్పులకు ఒకరికో ఇద్దరికో వస్తది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, చానా తొందరగా ముదురుతది. మూడో రోజో ఐదో రోజో ఊరికే ఏడుపొచ్చి పోయేది వేరు, అది సగానికి పైగా తల్లులకు ఉంటది, దానంతట అదే పోతది. నెలలకొద్దీ దిగులుగా ఉండే డిప్రెషన్ ఇంకోటి, మన దేశంలో సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తది. మీ అక్కది ఆ రెండూ కాదు. మధ్యలో మంచిగా ఉంటుందన్నవు చూడు, అది తగ్గిన గుర్తు కాదు, ఈ జబ్బు తీరే అంత. దాన్ని చూసే ఇండ్లల్లో ఆలస్యం చేస్తరు.

బండి వచ్చేదాకా చేయాల్సినవి చెప్త. పాపను, అక్కను ఇద్దర్నే గదిలో వదలొద్దు. గుంజుకోవద్దు, పాప ఎప్పుడూ అమ్మ చేతిలోనో నీ చేతిలోనో ఉండాలె, అక్క చూస్తనంటే దగ్గర కూసొని చూపించాలె. పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసి వేరే వాళ్ల ఇంట్లో పెట్టు. కత్తిపీట, బాత్రూం గొళ్లెం, ఇంటెనక బావి ఉంటే అదీ చూసుకో. రాత్రి ఒకరు మేలుకొని ఉండాలె, అమ్మ ఒక్కతే వల్ల కాదు.

"పాప నీదే, పిచ్చిగా మాట్లాడకు" అని వాదించొద్దు. "అవును మార్చిన్రు" అని ఊఁ కొట్టొద్దు. "నీకు భయమైతుంది అక్కా, నేను ఇక్కడే ఉంట" అను. అది అబద్ధం కాదు కదా.

ఇంకో సంగతి, ఇది మానసిక డాక్టర్ కంటే ముందు చూడాల్సింది. జ్వరం ఉందా? కుట్ల దగ్గర చీము, మైల వాసన ఉందా? గట్టిగా తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక చెయ్యో కాలో గుంజడం, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటున్నా క్యాజువాలిటీలో మొదటి మాట అదే చెప్పు. ఇన్‌ఫెక్షన్ ఒంట్లకు ఎక్కినా, బీపీ పెరిగినా మనిషి ఇట్లనే కలవరిస్తది. మెదడు నరాల్లో రక్తం గడ్డకట్టినా అంతే. బాలెంతల్లో రక్తం మామూలుగానే తొందరగా గడ్డకడతది, దానికి తోడు మనోళ్లు నీళ్లు కట్టిపెడతరు. నాయినమ్మ మీద కోపం చేయకుండా చెంబు పక్కన పెట్టి, అడిగినన్ని నీళ్లు ఇవ్వండి. చెద్దర్లు తీసేయండి, ఆమెకు పగలేదో రాత్రేదో తెలవాలె.

108కి ఫోన్ చెయ్, "బాలెంత, మతి తప్పి మాట్లాడుతుంది, పసిబిడ్డ ఉంది" అని చెప్పు. జ్వరమో ఫిట్సో ఉంటే దేవరకొండ ఏరియా ఆస్పత్రిలో ఆగి చూపించుకోండి. లేకపోతే సీదా నల్లగొండ పెద్దాస్పత్రి. 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది కదా, మానసిక విభాగం ఉంటది, కాన్పుల డాక్టర్లూ ఉంటరు. ఇద్దరూ చూడాల్సిన కేసు ఇది. అక్కడ్నుంచి అవసరం పడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి రాసిస్తరు. ఎర్రగడ్డ పేరు వినంగనే మీ నాయిన లేచి కూసుంటడు, ముందే చెప్తున్న, అది కూడా ఆస్పత్రే.

ఈలోపు 14416 కలుపు. టెలి మానస్, సర్కారు మానసిక సాయం ఫోన్, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తుంది, 24 గంటలు, తెలుగులో మాట్లాడతరు, పైసలు పడవు. నాయిన మాట వినకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టు. కొడుకు చెప్తే వినని మనిషి కొత్తోళ్లు చెప్తే వింటడు.

అక్క రానంటే పాప మాట తేవొద్దు. ఆమెను నిజంగా సతాయిస్తున్నదేందో అది పట్టుకో. "రాత్రంతా కన్ను మూతపడ్తలేదు కదా అక్కా, నిద్రకు మందు అడుగుదాం, కుట్లు కూడా చూపిద్దాం." పెద్దాపరేషన్ ఏ దవాఖానలో జరిగిందో అక్కడికి కాదు, వేరే చోటుకని కూడా చెప్పు.


గట్టుకింది పటేలు

డాక్టర్లను వద్దనను కని, మా మేనత్తకు ఇట్లనే అయితే గట్టు మీద అయిదు అమాసలు నిద్ర చేస్తె మంచిగైంది. జడల రామలింగేశ్వరుని కాడికి ఊరికే వస్తరా గంత జనం? అమ్మ మనసు కాదనకున్రి. దిష్టి కూడ తీయించున్రి.


జడ్చర్ల చిన్నవదిన

తమ్మీ, నర్సమ్మ చెప్పినట్టు ముందు బండెక్కు. ఎక్కినంక చదువు ఇది.

పటేలన్నా, మిమ్మల్ని తప్పువట్టను. మా ఇంట్ల కూడ అట్లనే మొక్కిండ్రు, నేను తేరుకున్నంక పోయి మొక్కు చెల్లించిన గూడ. కని అమాస ఇంకెన్ని దినాలున్నదో చూస్కోండ్రి. దేవునికేం తొందర లేదు, ఈ జబ్బుకున్నది తొందర. గుట్ట మీద ఆ జనంల, చీకట్ల, మెట్ల మీద పసిగుడ్డుతోని, నిద్రలేని బాలెంతను ఎవరు పట్టాలె? అదే మందు నడుస్తుంటె ఎప్పుడన్న పోవచ్చు.

ఇది నాకైన జబ్బు. నా కొడుకు ఇప్పుడు బడికి పోతుండు, నేను జడ్చర్ల బస్టాండు దగ్గర బ్లౌజులు కుడుత. ఎవ్వరికి చెప్పుకోను గని ఇక్కడ నా పేరు ఎవరికి తెల్వదు గద, అందుకే రాస్తున్న.

బయటోళ్లకు ఎట్ల కనవడ్డదో నాకు తర్వాత చెప్పిండ్రు. లోపల ఎట్లుంటదో చెప్త, అది తెలిస్తె నీకు అక్కతోని మాట్లాడుడు అల్కగైతది. నాకు మతి పోయినట్టు అస్సలు అనిపియ్యలే. లోకమంత ఏదో దాస్తున్నది, నాకొక్కదానికే దొరికింది అనిపిచ్చింది. మొదలు అదొక సంతోషం, చెప్పరానంత. ఒళ్లు తేలిపోయింది. పెట్రోలు అయిపోయినా బండి ఉరుకుతనే ఉన్నట్టు. తర్వాత భయం సొచ్చింది. టీవీల వార్తలు చదివేటామె నా దిక్కు చూసి నవ్వేది. ఇంటికొచ్చిన ఆడోళ్లు కుంకుమ బొట్టు పెట్టుకుంటె అది నాకు ఏదో సైగ అనుకుంటుంటి. బాలెంతకు కుంపట్ల సాంబ్రాణి ఏస్తరు గద, ఆ పొగ మంచం కింద పెడితె నన్ను బతికుండంగనే కాలుస్తుండ్రని ఒర్లిన. వాళ్లు "గాలి ఓర్స్తలేదు, పొగకు ఒర్లుతుంది" అని మిరపకాయలు గూడ ఏసిండ్రు. వేపమండలతోని కొట్టిండ్రు. నా ఒంటిమీద కుట్లున్నయన్న సోయి ఎవరికి లేకపాయె.

ఆ మంత్రమేసేటాయనను మాత్రం గడప తొక్కనియ్యకు తమ్మీ. దేవుడు వేరు, గాయిన వేరు.

నాకు అందరిల మా చిన్నమ్మ ఒక్కతే పనికొచ్చింది. సదువుకున్న మనిషి కాదు. నేనేమన్నా కాదనకుండె, అవుననకుండె. ఊకె కూసొని తలకు నూనె పెట్టేది. నేను "నువ్వు గూడ వాళ్లతోనే కలిసినవ్" అంటె "నన్ను నమ్మకు, ఏం కాదు. నేనైతె పోను" అన్నది. ఆమె చేతి అన్నం నేను తినలే. అరటిపండు తొక్కతోని ఇస్తె తిన్న, ఎందుకంటె తొక్క నేనే తీసుకున్న. కొబ్బరిబోండం ముందల కొట్టిస్తె తాగిన. మీ అక్క అన్నం ముడ్తలేదన్నవు. గుడ్డు పెంకుతోని ఉడకబెట్టి ఇయ్యి, బిస్కెట్ పొట్లం ఇప్పకుండ ఇయ్యి, సీలు ఉన్న నీళ్ల బాటిలు ఇయ్యి. కడుపుల ఏదన్న పడాలె.

దవాఖానల ఏమైతదంటే, మొదటి రాత్రులు నిద్రకే మందులిస్తరు. పడిపోయినట్టు పండుకుంటది, భయపడకుండ్రి. లేసినంక మాట ముద్దగ వస్తది, నోరెండుతది, చేతులు వణకొచ్చు, మెడ బిగుసుకపోవచ్చు. బిగుసుకపోతె వెంటనే సిస్టర్‌కు చెప్పాలె, దానికి విరుగుడు సూదున్నది. మా ఆయన పుణె నుంచి వచ్చి నన్ను అట్ల చూసి "మంచిగ మాట్లాడే మనిషిని మొద్దును చేసిండ్రు" అని డిశ్చార్జి అడిగిండు. పెద్ద డాక్టరమ్మ కూసోబెట్టి చెప్తె ఆగిండు. మందు మోతాదు మెల్లెమెల్లెగ సరిచేస్తరు. తర్వాత లావైన, అది మాత్రం నిజం.

తలకు కరెంటు పెడతమంటె అదిరిపడకుండ్రి. నాకు పెట్టిండ్రు. సిన్మల చూపిచ్చినట్టు కాదు, మత్తుమందిచ్చి చేస్తరు, మత్తు లేకుండ చేసుడు 2017 మానసిక ఆరోగ్య చట్టం తోని బంద్. ఈ జబ్బుకు అది తొందరగ పనిచేస్తది. నాకు తలనొప్పి ఉండె, ఆ దినాల ముచ్చట్లు కొన్ని ఇప్పటికి యాదికి రావు. అవి యాదికి రాకుంటేనే నయం అనుకో.

పాల సంగతి అడగలే నువ్వు గని మీ అమ్మ తప్పకుండ అడుగుతది. మందులల్ల కొన్నిటితోని పాలియ్యొచ్చు, లిథియం అసొంటి వాటితోని డాక్టర్ చానా ఆలోచన చేస్తరు, బిడ్డకు గూడ రక్తపరీక్షలు కావాలె. ఏ మందు రాసినా "పాలిస్తుంది సార్" అని ముందే చెప్పు. నాకైతె రాత్రి నిద్ర ముఖ్యం అని రాత్రిపూట డబ్బపాలు పట్టిండ్రు, పగలు ఇచ్చిన. పాలు మొత్తం ఆపాల్సొచ్చినా ఆపున్రి. నా కొడుకు డబ్బపాల మీదనే ఎక్కువ పెరిగిండు, వాడికేం తక్కువైంది.

ఇగ నేను ఇంత పొడుగు రాయనీకి కారణం ఏందంటె, తర్వాతి సంగతి ఎవ్వరు చెప్పరు. ఒర్లుడు, ఉరుకుడు కొన్ని వారాలల్ల తగ్గింది. అందరు "మంచిగైంది" అని ఎవరిండ్లకు వాళ్లు పోయిండ్రు. ఆయన పుణెకు పోయిండు, చిన్నమ్మ నాట్లకు పోయింది. అప్పుడు మొదలైంది నాకు అసలు కష్టం. సోయి వచ్చినంక ఏమేం చేసిన్నో ఒక్కొక్కటి తెలుస్తుంటె ముఖం ఎత్తబుద్ధి కాలే. పిల్లగాన్ని ఎత్తుకుంటె నా బిడ్డ అనే ముద్దు పుట్టలే, వేరేవాళ్ల పిల్లగాన్ని చూస్తున్నట్టు ఉండె. దిగులు. చావాలని గూడ అనిపిచ్చింది. ఒర్లినప్పుడు నా చుట్టు పదిమంది ఉండిరి, సప్పుడు జేయకుండ గోడకు ఒరిగి కూసున్నప్పుడు ఒక్కరు లేకపాయె. ఆశ వర్కర్ కాన్పు ఫారం నింపనీకి వచ్చి నా ముఖం చూసి మళ్ల దవాఖానకు తోలుకపోయింది. మందు మార్చిండ్రు. పూర్తిగ నేను నేనయ్యేసరికి ఏడాది పట్టింది. పిల్లగాని మీద ముద్దు గూడ ఎప్పుడు వచ్చిందో తెల్వకుండ వచ్చింది.

అందుకని నీ లీవు మొత్తం ఇప్పుడే వాడకు తమ్మీ. సగం దాసిపెట్టు. నెలన్నర రెండు నెలలకు, అందరు మర్చిపోయినంక, అప్పుడు రా.


దిండివాగు

అందరికి దండాలు. రాత్రే వచ్చినం, నల్లగొండ పెద్దాస్పత్రిల ఉన్నం. నర్సక్కా, నిద్ర మాటనే పనిచేసింది. "నీకు నిద్ర లేక తల పగుల్తలేదా" అంటె ఏడ్సుకుంట "అవును తమ్మీ, ఎవ్వరు నమ్ముతలేరు" అన్నది. చెప్పులేసుకొని తనే బండెక్కింది. 14416 వాళ్లతోని నాయిన చానాసేపు మాట్లాడిండు. ఏం చెప్పిన్రో గని ఫోన్ పెట్టేసి కార్డులున్న సంచి తెచ్చి నా చేతికిచ్చిండు.

బీపీ, జ్వరం లేదు. తల స్కానింగ్ తీసిన్రు, గడ్డ ఏం లేదన్నరు. రక్తం 8 మాత్రమే ఉన్నదంట. థైరాయిడ్ కూడ తేడా వచ్చింది. సూదిచ్చినంక పొద్దు పొడిచేదాక పండుకున్నది. గంత నిద్ర కాన్పైనంక ఇదే మొదలు. లేసినంక పాప ముచ్చట అట్లనే ఉన్నది, కని అరుస్తలేదు. గుడ్డు పెంకుతోని ఇస్తె తిన్నది వదినా.

ఇప్పుడు కొత్త లొల్లి. బావకు నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. ముందుగాల నాకెందుకు చెప్పలేదని గట్టిగ తిట్టిండు, మాట పడ్డ. బండి ఓనర్‌కు అప్పజెప్పి రైలెక్కిండు. కని వాళ్లమ్మ పొద్దున్నే కారు కట్టించుకొని వచ్చింది. పాపను మాకియ్యిన్రి, పిచ్చిదాని కాడ పసిపిల్లను ఎట్లుంచుతరు, కాయితం రాసియ్యున్రి అంటున్నది. అక్క వినంగనే అన్నది. నాయినేమో అల్లుని కాపురం పోతదని అన్నిటికి తలూపుతున్నడు. డాక్టర్లు అడ్మిట్ చేస్తమంటున్రు, అక్క సంతకం పెట్టనంటున్నది. నేను పెట్టొచ్చా? పాపను వాళ్లు తీస్కపోవచ్చా?


నాగర్‌కర్నూల్ నల్లకోటు

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. రెండు ప్రశ్నలకూ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే జవాబు ఉంది, అది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది.

మీరు సంతకం పెట్టవచ్చు. ఆమె తనకు ప్రతినిధిగా ఎవరినీ ముందుగా రాసి పెట్టలేదు కాబట్టి దగ్గరి బంధువుగా మీరు దరఖాస్తు ఇవ్వవచ్చు, మీ బావగారు వచ్చాక ఆయన కూడా ఇవ్వవచ్చు. సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడు విడివిడిగా చూసి అవసరమని రాయాలి. 89వ సెక్షన్ కింద ఆ అడ్మిషన్ 30 రోజుల వరకే. ఆడమనిషిని అలా చేర్చుకుంటే మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాల్సిన బాధ్యత ఆస్పత్రిది. ఆమె తేరుకుని ఒప్పుకుంటే అది స్వచ్ఛంద చికిత్సగా మారుతుంది, అదే మేలు.

పాప గురించి. మూడేళ్లలోపు బిడ్డను వైద్యం పొందుతున్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదని 21వ సెక్షన్ చెబుతుంది. తల్లి వల్ల ప్రమాదం ఉందనో, బిడ్డ మేలు కోసమో డాక్టర్ తాత్కాలికంగా వేరు చేయవచ్చు. అప్పుడు కూడా ఎవరి పర్యవేక్షణలోనైనా తల్లి బిడ్డను చూడగలగాలి, 15 రోజులకోసారి సమీక్షించాలి, 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి. అంటే ఇది డాక్టర్ నిర్ణయం. కాయితం మీద సంతకం పెట్టించుకుని కారులో తీసుకుపోయే వ్యవహారం కాదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. "డాక్టర్‌ను అడుగుదాం రండి అత్తమ్మా" అని ఆమెను లోపలికి తీసుకెళ్లండి. నా అనుభవంలో సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

మీ నాన్నగారి భయానికి ఒక మాట. హిందూ వివాహ చట్టంలో మానసిక జబ్బు విడాకులకు కారణంగా ఉన్న మాట నిజమే. కానీ జబ్బు పేరు చూపిస్తే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఇది కాన్పుతో వచ్చి, వైద్యంతో తగ్గే జబ్బు. పెళ్లికి ముందు దాచారన్న మాటకూ చోటు లేదు. చీటీలు, రిపోర్టులు అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫోన్లో ఫొటోలు కూడా తీసుకోండి.


జడ్చర్ల చిన్నవదిన

మా అత్త గూడ అదే మాటన్నది తమ్మీ, పిల్లగాన్ని ఇయ్యమని. కోపం పెట్టుకోకు. ఆమెకు పాప మీద భయం, కోడలంటె పడక కాదు కావచ్చు. ఆమెకు ఏదన్న పని చెప్పు. పాపను ఎత్తుకొని వార్డు బయట కూసో అత్తమ్మా, గంటకోసారి తెచ్చి చూపియ్యి అను. మాకు అట్లనే కుదిరింది.

పాపతోని కలిపి ఉంచే వార్డు కావాలంటె బెంగుళూరుల నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక దవాఖానల 2009 సంది తల్లీబిడ్డల వార్డున్నది. మా పాలమూరోళ్లకు 44 నంబరు హైవే మీద సీదా తొవ్వ. మీకు దూరం, ఇప్పుడైతె అక్కర గూడ లేదు, ఇక్కడ కుదురుతలేదంటె అప్పుడు చూడు.

బావ వచ్చినంక చెప్పాల్సింది ఇంకోటున్నది. నువ్వు తమ్మునివి, నీకు సిగ్గైతె డాక్టరమ్మతోని చెప్పియ్యి. తొందరగ ఇంకో కాన్పు వద్దు. ఒకసారి వచ్చినోళ్లకు మళ్ల కాన్పుల సగం మంది దాక తిరగబెడ్తదని నాకు చెప్పిండ్రు. అంటె పిల్లలే వద్దని కాదు. కడుపుతోని కాకముందే మానసిక డాక్టర్‌ను కలిస్తె ముందుగాలనే మందు ఏర్పాటు చేస్తరు. ఇంకా, మూడ్ కోసం వాల్‌ప్రోయేట్ అనే మాత్ర రాస్తె అడగాలె, పిల్లలు కావాల్సిన ఆడోళ్లకు అది మంచిది కాదు, కడుపుల బిడ్డకు లోపాలొస్తయి. మేమైతె ఒక్కనితోనే ఆపుకున్నం. మా ఇంట్ల దాని మీద శానా మాటలు నడిచినయి, నడవనియ్యి.


దిండివాగు

సంతకం పెట్టిన. వార్డు మార్చిన్రు. బావ వచ్చిండు, అక్క మొదలు గుర్తువట్టనట్టు చూసి, తర్వాత "లోడు దింపినవా" అని అడిగింది. ఆయన బయటికొచ్చి మస్తు ఏడ్సిండు. అత్తమ్మ పాపతోని బయట బెంచి మీదనే కూసున్నది, కారు వాపస్ పంపింది. పురుడు ఆపినం, చుట్టాలకు "అక్కకు బాగలేదు, దవాఖానల ఉన్నం" అని నాయినే ఫోన్లు చేస్తున్నడు. ఏం జబ్బు అంటె మాత్రం రక్తం తక్కువ అంటున్నడు. అననియ్యి, అది కూడ నిజమే గద.

నర్సక్కా, ఒకటి అడగాలె. థైరాయిడ్ మాత్ర, రక్తానికి ఐరన్ మాత్ర, ఇంకా రాత్రివి రెండు రాసిన్రు. అమ్మ అన్ని ఒక్కసారే పాలల్ల ఏసి ఇస్తనంటున్నది, అక్కకు తెల్వకుండ.


లేబర్‌వార్డు నైట్‌డ్యూటీ

పాలల్లో వద్దు, తెలవకుండా అసలే వద్దు. తినే దాంట్లో ఏదో కలుపుతున్నరని అనుకునే మనిషికి నిజంగానే కలిపి, ఆమె చూసిందంటే ఇంక మీ చేతి నీళ్లు కూడా తాగది. పొట్లం ఆమె ముందరే చింపి, పేరు చదివి, ఇదెందుకో చెప్పి ఇవ్వండి. మింగనంటే సిస్టర్‌కు చెప్పండి, నీళ్ల మందుగానో, నోట్లో కరిగేదో దొరకొచ్చు.

థైరాయిడ్ మాత్ర పొద్దున పరిగడుపున, నీళ్లతోనే, తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ కూడా వద్దు. ఐరన్ దానికి కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలె, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టది. మధ్యాహ్నం తిన్నాక ఇచ్చుకోండి, పాలతో చాయతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో ఇస్తే ఇంకా మంచిది. విరేచనం నల్లగా వస్తే బుగులు పడొద్దు, ఐరన్‌కు అట్లనే వస్తది. రాత్రివి డాక్టర్ రాసిన టైమ్‌కే, ఒక రోజు మంచిగున్నదని ఆపొద్దు. డిశ్చార్జి అయ్యేటప్పుడు చీటీ మీద మళ్లీ వచ్చే తేదీ రాయించుకోండి.


దిండివాగు

రాయించుకుంట అక్కా. ఇప్పుడే రౌండ్స్‌కు వస్తున్రంట, అడిగి పెడ్త.